జీతం, గెలుపు, పాత్ర – బాస్కెట్‌బాల్ ఆటగాని ఎంపిక

పరిచయం

ఇల్లు కట్టే పనిని గుత్తకు తీసుకున్న తాపీ మేస్త్రీల ముఠాను మీరు చూసే ఉంటారు. యజమాని ఇచ్చే మొత్తం ముందే నిశ్చయమై ఉంటుంది. పెద్ద మేస్త్రీ తన వాటాగా ఎక్కువ తీసుకుంటే మిగిలిన వారికి పంచడానికి తక్కువ మిగులుతుంది. చాలీచాలని కూలికి పనితనం తెలిసినవాళ్ళు రారు. అలాగని పెద్ద మేస్త్రీ తన వాటా తగ్గించుకున్నంత మాత్రాన ఇల్లు బాగా వస్తుందన్న హామీ కూడా లేదు.

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడే పెద్ద ఆటగాళ్ళు కోట్ల డాలర్లు సంపాదిస్తారు. వారి ముందు కూడా ఇలాంటి చిక్కే ఉంటుంది. తనకు రాగల గరిష్ఠ జీతం తీసుకోవాలా? కొంత వదులుకొని జట్టును బలపరచాలా? పెద్ద జట్టులో చిన్న పాత్రకు ఒప్పుకోవాలా? ఈ పాఠంలో ఆ చిక్కును కొందరు ఆటగాళ్ళ నిజ జీవితాల నుండి తెలుసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– జీతాల పరిమితి, గరిష్ఠ ఒప్పందం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
– ఒక ఆటగాని జీతం మొత్తం జట్టుపై ఎలా ప్రభావం చూపుతుందో లెక్కతో వివరించగలుగుతారు.
– జీతం, విజయం, పాత్ర అనే మూడింటినీ విడివిడిగా తూచి చూడగలుగుతారు.

1. ఆటను గూర్చి రెండు మాటలు

అమెరికాలో వృత్తిగా బాస్కెట్‌బాల్ ఆడే అతి పెద్ద సంస్థ నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్. దీనిని ఎన్.బి.ఎ. అంటారు. ఇందులో 30 జట్లు ఉన్నాయి. సాధారణంగా ఒక్కో జట్టు సంవత్సరంలో 82 ఆటలు ఆడుతుంది. ఆ తరువాత మేటి జట్ల మధ్య ప్లేఆఫ్ పోటీలు జరుగుతాయి. చివరి పోటీని ఫైనల్స్ అంటారు. ఫైనల్స్‌లో ముందుగా నాలుగు ఆటలు గెలిచిన జట్టు ఛాంపియన్ అవుతుంది.

ఆట సమయం 48 నిమిషాలు. ఒకసారికి ఒక జట్టు నుండి ఐదుగురే ఆడతారు. మిగిలినవారు బెంచి మీద కూర్చొని తమ వంతు కోసం చూస్తారు. బంతి ఒక్కటే. ఐదుగురిలో ఎవరి చేతిలో అది ఎక్కువసేపు ఉంటుందన్నది ఆయా ఆటగాళ్ళ పాత్రను బట్టి ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి. జీతం ఎంత ముఖ్యమో, పాత్ర కూడా అంత ముఖ్యమని మీకు ముందు ముందు తెలుస్తుంది.

2. జీతాల పరిమితి, గరిష్ఠ ఒప్పందం

డబ్బున్న యజమాని మంచి ఆటగాళ్ళందరినీ కొనివేస్తే ఆటలో పోటీ ఉండదు. అందుకని 1984-85 నుండి ఎన్.బి.ఎ.లో జీతాల పరిమితి అమలులో ఉంది. ఒక జట్టు తన ఆటగాళ్ళందరి జీతాలకు కలిపి పెట్టగల ఖర్చుకు ఇది ఒక గీత. మొదటి సంవత్సరం ఆ గీత 36 లక్షల డాలర్లు. 2024-25 నాటికి అది 14 కోట్ల 5 లక్షల 88 వేల డాలర్లు అయింది.

ఈ గీత గోడ వంటిది కాదు, కంచె వంటిది. దానిలో దారులు ఉన్నాయి. ఉదాహరణకు, తన సొంత ఆటగాణ్ణి నిలుపుకోవడానికి జట్టు గీత దాటవచ్చు. మరీ ఎక్కువ దాటిన జట్టు విలాస పన్ను కట్టాలి. 2023 ఒప్పందంతో నిబంధనలు మరింత బిగిశాయి. చాలా ఎక్కువ ఖర్చు చేసే జట్లకు కొత్త ఆటగాళ్ళను తెచ్చుకొనే దారులు కొన్ని మూసుకుపోయాయి.

1998లో యజమానులకు, ఆటగాళ్ళకు మధ్య వేతనాల తగాదా వచ్చి ఆటలు ఆగిపోయాయి. ఆ సీజనులో ఒక్కో జట్టు 50 ఆటలే ఆడింది. 1999లో కుదిరిన ఒప్పందంలో ఒక్కొక్క ఆటగానికి కూడా హద్దు పెట్టారు. ఆ హద్దు వరకు ఇచ్చే ఒప్పందమే గరిష్ఠ ఒప్పందం. ఇది ఆటగాని అనుభవాన్ని బట్టి ఉంటుంది. కొత్త ఒప్పందంలో మొదటి ఏడాది జీతం ఇలా లెక్కిస్తారు:
– 6 ఏళ్ళు లేదా అంతకు తక్కువ అనుభవం: పరిమితిలో 25 శాతం
– 7 నుండి 9 ఏళ్ళ అనుభవం: 30 శాతం
– 10 ఏళ్ళు, ఆ పైన: 35 శాతం
(పెద్ద బహుమతులు పొందిన వారికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి.)

ఇక్కడ ఒక విషయం గమనించండి. దేశంలోకెల్లా గొప్ప ఆటగానికీ, అతని కంటే ఒక మెట్టు కింద ఉన్న ఆటగానికీ అనుభవం సమానమైతే గరిష్ఠ జీతం ఒక్కటే. కాబట్టి గరిష్ఠం అంటే ఆటగాని నిజమైన విలువ అని అర్థం కాదు. అందరికంటే గొప్పవాడు గరిష్ఠం తీసుకున్నా, జట్టుకు ఎంతో కొంత ఇచ్చినట్లే. రెండవ మెట్టు ఆటగాడు గరిష్ఠం తీసుకుంటే జట్టు భారం పెరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) జీతాల పరిమితి ఏ సీజను నుండి అమలులో ఉంది?
(ఆ) 2024-25లో 10 ఏళ్ళ అనుభవం గల ఆటగాని గరిష్ఠ జీతం లెక్కకట్టండి.

3. మయామి లెక్క

2010 వేసవిలో ముగ్గురు పేరున్న ఆటగాళ్ళు ఒకే జట్టులో ఆడాలని నిర్ణయించుకున్నారు. వారు లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్. ఆ జట్టు మయామి హీట్. వేడ్ అప్పటికే అక్కడ ఆడుతున్నాడు. జేమ్స్ క్లీవ్‌లాండ్ నుండి, బాష్ టొరంటో నుండి వచ్చారు.

ఆ సంవత్సరం జీతాల పరిమితి సుమారు 5 కోట్ల 80 లక్షల డాలర్లు. ముగ్గురిలో ఒక్కొక్కరికి రాగల గరిష్ఠం సుమారు 1 కోటి 66 లక్షలు. ముగ్గురూ పూర్తిగా తీసుకొని ఉంటే 4 కోట్ల 98 లక్షలు అయ్యేది. మిగిలిన ఆటగాళ్ళందరికీ గీత లోపల 82 లక్షలే మిగిలేవి.

వారు కొంత వదులుకున్నారు. జేమ్స్, బాష్ మొదటి ఏడాదికి సుమారు 1 కోటి 45 లక్షల చొప్పున తీసుకున్నారు. వేడ్ ఇంకా కొంచెం తక్కువకు ఒప్పుకున్నాడు. ముగ్గురికీ కలిపి దాదాపు 4 కోట్ల 32 లక్షలు అయింది. ఇప్పుడు మిగిలింది 1 కోటి 48 లక్షలు. తగ్గించుకున్నాక కూడా ముగ్గురి జీతాలే పరిమితిలో సుమారు నాలుగింట మూడు వంతులు అని గమనించండి. అయినా ఆ కొద్ది వెసులుబాటే పనికి వచ్చింది. మయామి తన పాత ఆటగాడు యుడోనిస్ హాస్లెమ్‌ను నిలుపుకుంది. దూరం నుండి బంతిని వేయడంలో నేర్పరి అయిన మైక్ మిల్లర్‌ను తెచ్చుకుంది.

ఫలితం వెంటనే రాలేదు. 2011 ఫైనల్స్‌లో మయామి డల్లాస్ చేతిలో ఓడిపోయింది. 2012లో మళ్ళీ ఫైనల్స్‌కు చేరి ఒక్లహోమా సిటీతో తలపడింది. ఛాంపియన్‌షిప్ తేలిన ఐదవ ఆటలో మిల్లర్ బెంచి మీద నుండి వచ్చి మూడు పాయింట్ల బుట్టలు 7 వేశాడు. పెద్ద ఆటగాళ్ళు వదులుకున్న జీతం ఆ రాత్రి పాయింట్ల రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు. 2013లో కూడా మయామే గెలిచింది.

4. పాత్ర మారినప్పుడు

జీతం తగ్గించుకోవడం ఒక్కసారి సంతకంతో అయిపోతుంది. పాత్ర తగ్గించుకోవడం అలా కాదు. దానిని ప్రతి రోజూ, ప్రతి ఆటలోనూ భరించాలి.

క్రిస్ బాష్ సంగతి చూడండి. టొరంటోలో జట్టంతా ఆయన చుట్టూ తిరిగేది. 2009-10లో ఆయన ఆటకు సగటున 24 పాయింట్లు చేశాడు. మయామిలో బంతి ఎక్కువగా జేమ్స్, వేడ్ చేతుల్లో ఉండేది. మొదటి ఏడాదిలోనే బాష్ సగటు 18.7కు దిగింది. 2012-13 నాటికి 16.6 అయింది. అంకెలు మాత్రమే చూసేవారికి ఆయన తగ్గిపోయినట్లు అనిపించింది.

కాని 2013 ఫైనల్స్ ఆరవ ఆట చివరి క్షణాలు గమనించండి. మయామి శాన్ ఆంటోనియో కంటే మూడు పాయింట్లు వెనుకబడి ఉంది. ఆ ఆట ఓడితే ఛాంపియన్‌షిప్ పోయినట్లే. జేమ్స్ వేసిన బంతి తప్పిపోయింది. బుట్ట దగ్గర దానిని అందుకున్నవాడు బాష్. తాను వేయాలని చూడక మూలకు వెళ్తున్న రే ఆలెన్‌కు అందించాడు. ఆలెన్ మూడు పాయింట్ల బుట్ట వేసి స్కోరు సమం చేశాడు. అప్పటికి 5.2 సెకన్లు మిగిలి ఉన్నాయి. అదనపు సమయం చివరలో ఎదుటి జట్టు వేసిన ఆఖరి బంతిని ఆపినవాడు కూడా బాషే. రెండు రోజుల తరువాత జరిగిన ఏడవ ఆటలో ఆయన ఒక్క పాయింటు కూడా చేయలేదు. జట్టు మాత్రం ఛాంపియన్ అయింది. జట్టు విజయంలో ఒకరి భాగం పాయింట్లలోనే కనబడుతుందని అనుకోకూడదు.

అయితే చిన్న పాత్ర అందరికీ సరిపడదు. 2012 ఫైనల్స్‌లో మయామి చేతిలో ఓడిన ఒక్లహోమా సిటీ జట్టులో కెవిన్ డ్యురాంట్, రసెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్ ఉండేవారు. హార్డెన్ బెంచి మీద నుండి వచ్చి ఆడేవాడు. ఆ ఏడాది అలా ఆడేవారిలో ఉత్తమునికి ఇచ్చే బహుమతి కూడా ఆయనకే వచ్చింది. కొత్త ఒప్పందం విషయంలో జట్టు ఇవ్వజూపిన సొమ్ము గరిష్ఠం కంటే కొన్ని లక్షల డాలర్లు తక్కువ. మాట కుదరలేదు. 2012 అక్టోబరులో జట్టు ఆయనను హ్యూస్టన్‌కు పంపివేసింది. హ్యూస్టన్ ఆయనకు గరిష్ఠ ఒప్పందం ఇచ్చింది, జట్టు పగ్గాలు కూడా ఇచ్చింది. ఆటకు 16.8గా ఉన్న ఆయన సగటు మరుసటి ఏడాది 25.9 అయింది. 2018లో సంస్థ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికయ్యాడు. డ్యురాంట్ 2014లో, వెస్ట్‌బ్రూక్ 2017లో ఆ బహుమతి పొందారు. ఒకే జట్టులోని ముగ్గురూ అంతటివారైనా, ఆ ముగ్గురూ కలిసి ఛాంపియన్‌షిప్ గెలవలేదు. హ్యూస్టన్‌లో హార్డెన్‌కు కూడా ఛాంపియన్‌షిప్ దక్కలేదు.

ఇందులో ఎవరిది తప్పు? తొందరపడి తీర్పు చెప్పకండి. హార్డెన్‌కు జీతం, పాత్ర దక్కాయి, గెలుపు దక్కలేదు. బాష్‌కు గెలుపు దక్కింది, పాత పాత్ర దక్కలేదు. మూడూ ఒకరికే దొరకడం అరుదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) బాష్ సగటు పాయింట్లు మయామిలో ఎందుకు తగ్గాయి?
(ఆ) హ్యూస్టన్‌కు వెళ్ళడం వల్ల హార్డెన్‌కు లభించిన రెండు విషయాలేమిటి?

5. వదులుకున్న సొమ్ము ఎక్కడికి పోతుంది?

ఆటగాడు సొమ్ము వదులుకుంటాడు. దానిని ఎలా వాడాలో నిర్ణయించేది మాత్రం యాజమాన్యం. ఇది చాలామంది మరచిపోయే విషయం.

మయామి విషయానికే మళ్ళీ వద్దాం. 2013లో రెండవసారి గెలిచిన కొద్ది వారాలకే జట్టు మైక్ మిల్లర్‌ను విడిచిపెట్టింది. ఆయనకు రావలసిన జీతం ఆగలేదు. కాని అప్పటి నిబంధనల ప్రకారం అతన్ని తప్పించడం వల్ల జట్టుకు విలాస పన్ను తగ్గింది. ముగ్గురు ఆటగాళ్ళు జీతం తగ్గించుకొని తెచ్చుకున్న మనిషి, యాజమాన్యం లెక్కల వల్ల వెళ్ళిపోయాడు. 2014 ఫైనల్స్‌లో మయామి శాన్ ఆంటోనియో చేతిలో 4-1 తేడాతో ఓడింది. ఆ వేసవిలో జేమ్స్ క్లీవ్‌లాండ్‌కు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ గెలిచిన శాన్ ఆంటోనియోలో టిమ్ డంకన్ ఉన్నాడు. 2011-12లో ఆయన జీతం సుమారు 2 కోట్ల 12 లక్షలు. 36 ఏళ్ళ వయసులో 2012లో కొత్త ఒప్పందం చేసుకున్నప్పుడు అది సుమారు 96 లక్షలకు తగ్గింది. జట్టు తన తోటి ఆటగాళ్ళను నిలుపుకోగలిగింది. ఆయనకు 2014లో ఐదవ ఛాంపియన్‌షిప్ లభించింది.

అదే 2014లో డల్లాస్‌కు చెందిన డర్క్ నొవిట్స్కి కూడా ఇలాంటి నిర్ణయమే తీసుకున్నాడు. 2011లో మయామిని ఓడించి ఛాంపియన్ అయిన జట్టుకు నాయకుడు ఆయనే. ఇతర జట్లు ఆయనకు 9 కోట్లకు పైగా ఇవ్వజూపాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆయన మూడేళ్ళకు సుమారు 2 కోట్ల 50 లక్షలకే డల్లాస్‌లో ఉండిపోయాడు. జట్టు ఆ వెసులుబాటుతో చాండ్లర్ పార్సన్స్ అనే యువకుణ్ణి తెచ్చింది. అతడు మోకాలి గాయాలతో బాధపడి రెండేళ్ళకే వెళ్ళిపోయాడు. 2019లో నొవిట్స్కి ఆట నుండి విరమించే వరకు డల్లాస్ ప్లేఆఫ్‌లలో మొదటి అంచె దాటలేదు.

డంకన్, నొవిట్స్కి ఇద్దరూ తగ్గించుకున్నారు. ఒకరికి ఫలించింది, మరొకరికి ఫలించలేదు. ఒప్పంద పత్రంలో జీతం రాసి ఉంటుంది. గెలుపు రాసి ఉండదు.

6. నేటి సొమ్మా, రేపటి సొమ్మా?

ఆటగాని శరీరమే అతని పొలం. ఒక్క గాయంతో పంట పోవచ్చు. అందువల్ల పూర్తి జీతం అడిగేవాణ్ణి అత్యాశాపరుడనడం న్యాయం కాదు.

బోస్టన్ ఆటగాడు ఐజయ్య థామస్ 2016-17లో ఆటకు సగటున 28.9 పాయింట్లు చేశాడు. అప్పుడు ఆయన జీతం సుమారు 66 లక్షల డాలర్లే. ఒప్పందం 2018లో ముగియనుంది. ఆ తరువాత చాలా పెద్ద ఒప్పందం వస్తుందని ఆశించాడు. కాని తుంటి గాయం ముదిరింది. 2017 ఆగస్టులో బోస్టన్ ఆయనను క్లీవ్‌లాండ్‌కు పంపింది. గాయం వల్ల మునుపటి ఆట తిరిగి రాలేదు. 2018లో డెన్వర్‌తో సుమారు 20 లక్షల డాలర్లకు, అంటే కనీస వేతనానికి, సంతకం చేశాడు.

న్యూయార్క్ ఆటగాడు జేలెన్ బ్రన్సన్ 2024 జూలైలో మరో దారి ఎంచుకున్నాడు. ఒక సంవత్సరం ఆగితే ఐదేళ్ళకు సుమారు 26 కోట్ల 90 లక్షల ఒప్పందానికి ఆయన అర్హుడయ్యేవాడు. ఆగకుండా నాలుగేళ్ళకు 15 కోట్ల 65 లక్షలకు ఒప్పుకున్నాడు. తేడాలో ఒక ఏడాది జీతం కూడా కలిసి ఉందని గుర్తుంచుకోండి. ఇందులో త్యాగం ఉంది, లెక్క కూడా ఉంది. గాయపడినా సొమ్ము ముందే ఖాయమైంది. 2028లో ఒప్పందం నుండి బయటపడే వీలు కూడా ఉంది. అప్పటికి ఆయన అనుభవం 10 ఏళ్ళు అవుతుంది కనుక 35 శాతం అడిగే అర్హత వస్తుంది. 2025లో న్యూయార్క్ తూర్పు విభాగం ఫైనల్స్‌కు చేరింది. 2000 తరువాత అది అంతవరకు రావడం అదే మొదటిసారి. అక్కడ ఇండియానా చేతిలో ఓడిపోయింది.

చివరిగా, బాష్ తరువాతి కథ తెలుసుకోండి. 2014లో జేమ్స్ వెళ్ళిపోయాక బాష్ మయామిలోనే ఉండి, ఐదేళ్ళకు సుమారు 11 కోట్ల 80 లక్షల గరిష్ఠ ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది జట్టు ప్లేఆఫ్‌లకు కూడా చేరలేదు. 2015 ఫిబ్రవరిలో ఆయన ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టింది. 2016లో ఆ జబ్బు తిరిగి వచ్చింది. 31 ఏళ్ళ వయసులో, 2016 ఫిబ్రవరిలో, ఆయన తన చివరి ఆట ఆడాడు. ఒప్పందంలో మూడేళ్ళకు పైగా మిగిలి ఉంది. ఆ సొమ్ము ఆయనకు అందింది. 2010లో తగ్గించుకున్న బాష్, 2014లో పూర్తిగా తీసుకున్న బాష్ ఒక్క మనిషే. మొదటి నిర్ణయం ఆయనకు రెండు ఛాంపియన్‌షిప్‌లు ఇచ్చింది. రెండవది ఆట ఆగిపోయిన రోజున ఆదుకుంది.

7. తూచి చూడవలసిన నాలుగు ప్రశ్నలు

పై ఉదాహరణలను బట్టి ఇటువంటి నిర్ణయం తీసుకొనే ముందు ఆటగాడు ఈ ప్రశ్నలు వేసుకోవాలి:
(1) నేను వదులుకున్న సొమ్ముతో ఎవరు వస్తారు? లేక యాజమాన్యం ఖర్చు తగ్గడమే మిగులుతుందా?
(2) జట్టులో నా పాత్ర ఏమిటి? దానిని మనస్ఫూర్తిగా ఒప్పుకోగలనా?
(3) నా వయసు, ఆరోగ్యం ఎంతకాలం ఎదురుచూడనిస్తాయి?
(4) గెలుపు రాకపోయినా ఈ నిర్ణయానికి విచారించకుండా ఉండగలనా?

నాలుగవ ప్రశ్నే అన్నింటికంటే కఠినం. ఎందుకంటే మొదటి మూడింటికి ఇతరులను అడిగి కొంత సమాచారం రాబట్టవచ్చు. నాలుగవదానికి జవాబు తనలోనే వెతుక్కోవాలి.

సారాంశం

జీతాల పరిమితి ఉన్నచోట ఒక ఆటగాని జీతం తోటివారి అవకాశాలను కూడా ప్రభావితం చేస్తుంది. తక్కువ తీసుకోవడం గెలిచే అవకాశాన్ని పెంచవచ్చు, కాని గెలుపును ఖాయం చేయదు. మిగిలిన సొమ్మును సరిగా వాడడం యాజమాన్యం బాధ్యత. ఆటగాని కాలం కొద్దిది కనుక పూర్తి జీతం కోరడం తప్పు కాదు. జీతంతో పాటు పాత్రను కూడా తూచి చూడాలి.

పాఠాంత అభ్యాసం
(1) మయామి ముగ్గురూ గరిష్ఠం తీసుకొని ఉంటే మిగిలే సొమ్మును, నిజంగా మిగిలిన సొమ్మును పోల్చి తేడా చెప్పండి.
(2) డంకన్, నొవిట్స్కి నిర్ణయాల ఫలితాలు ఎందుకు వేరయ్యాయో ఐదు వాక్యాలలో రాయండి.
(3) ఎక్కువ కూలి వచ్చే పనికీ, మీకు నచ్చిన పనికీ మధ్య మీరు గాని, మీకు తెలిసినవారు గాని ఎంచుకోవలసి వచ్చిన సందర్భం ఏదైనా ఉందా? పై నాలుగు ప్రశ్నలను దానికి అన్వయించి ఒక పేజీ రాయండి.

జవాబులు

మీ ప్రగతి – 1: (అ) 1984-85. (ఆ) 14,05,88,000లో 35 శాతం, అంటే 4,92,05,800 డాలర్లు.
మీ ప్రగతి – 2: (అ) బంతి ఎక్కువగా జేమ్స్, వేడ్ చేతుల్లో ఉండడం వల్ల. (ఆ) గరిష్ఠ ఒప్పందం, జట్టును నడిపే పాత్ర.
పాఠాంత అభ్యాసం: (1) 82 లక్షలు, 1 కోటి 48 లక్షలు. తేడా 66 లక్షల డాలర్లు. (2), (3) ప్రశ్నలకు మీ సొంత మాటల్లో రాసి, మీ అధ్యయన కేంద్రంలోని తోటి అభ్యాసకులతో చర్చించండి.